మాల తీశాను, మందు ముట్టలేదు. సాయంత్రాలు ఎలా గడపాలి?

సెల్ఫ్‌మోటార్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, వైరింగ్ పని. వయసు నలభై దాటింది. ఇద్దరు పిల్లలు.

తాగుడు మొదట్లో శనివారం బట్వాడా అయ్యాకే. తర్వాత రోజూ సాయంత్రం. చివరికి పొద్దున షెడ్డు తీసే ముందు ఒక నైంటీ పడితేగానీ చేయి నిలిచేది కాదు. మా పనిలో చేయి వణికితే ఇంకేముంది, సన్న తీగ టెర్మినల్‌లో దూరదు, సోల్డరింగ్ నిలవదు. కార్తీకానికి ముందు మా అన్నయ్య పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. కొన్నాళ్లు ఉంచుకుని వణుకు తగ్గించి మాత్రలు రాసి పంపారు. ఇంటికొచ్చాక అయ్యప్ప మాల వేసుకున్నాను.

మాల నాకు కొత్త కాదు, ఏటా వేసుకుంటాను. మాలలో ఉన్నంతకాలం చుక్క ముట్టను. తీసిన రాత్రే సీసా ముందు కూర్చుంటాను. ఇది నా ఒక్కడి సంగతి కాదులెండి. కొండ దిగి వచ్చిన వారంలో వైన్ షాపుల దగ్గర నిలబడి చూడండి, ఇంకా గడ్డం కూడా తీయని స్వాములు కనపడతారు.

ఈసారి తీశాక ఇప్పటిదాకా తాగలేదు. కోరిక లేదని కాదు, ఉంది. కానీ మునుపటిలా మీద పడట్లేదు. నా ఇబ్బంది వేరు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చెయ్యాలో నాకు అర్థం కావట్లేదు.

దీక్షలో ఉన్నప్పుడు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, పూజ, తర్వాత పని. మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో భిక్ష. సాయంత్రం మళ్లీ స్నానం, పీఠం దగ్గర భజన, అల్పాహారం, చాప మీద నిద్ర. ఖాళీ అనేది ఉండదు. అందరూ ‘స్వామీ’ అంటారు. నాకంటే పెద్దవాళ్లు కూడా కాళ్లకి దణ్ణం పెడతారు. ‘ఒక పెగ్గేద్దాం రా’ అనే ధైర్యం ఎవడికీ ఉండదు. మాల తీసిన మర్నాటి నుంచి నేను మళ్లీ ‘ఒరేయ్’. షెడ్డు కట్టే వేళకి పక్క షెడ్ల వాళ్లు గేటు దగ్గర కాసుకుని ఉంటారు, ‘తీసేశావుగా, ఇంకేంటి?’ అంటూ. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మా నాన్న పోయినప్పుడు ఖర్చులకి తలా ఇంత వేసుకుని ఇచ్చింది వాళ్లే. వాళ్లు తప్ప నాకు వేరే స్నేహితులు లేరు, అదీ సమస్య.

ఇంటికెళితే అక్కడ ఇంకో రకం. మా ఆవిడ తలుపు తీస్తూనే కాస్త దగ్గరికొచ్చి నిలబడుతుంది. ఎందుకో నాకు తెలుసు. ఏమీ అనను, ఆమె తప్పు లేదు. నేను హాల్లో కూర్చుంటే పిల్లలు పుస్తకాలు తీసుకుని లోపలికి పోతారు. అది వాళ్లకి ఎప్పటి నుంచో అలవాటు. పడుకుందామంటే నిద్ర పట్టదు, పట్టినా అర్ధరాత్రి మెలకువ వస్తుంది. పక్కింట్లో వేరుశనగ గుళ్లు వేయించిన వాసన వచ్చినా నాకు అదే గుర్తొస్తుంది.

పైగా సంక్రాంతి వస్తోంది. అత్తగారిది భీమవరం దగ్గర ఊరు. కోడిపందాలు, బరులు, బావమరుదులు. ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వెళ్లకపోతే మా ఆవిడ బాధపడుతుంది.

ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అని తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులు అంటారు కదా, తెలుగులో జరుగుతాయా? అక్కడ మా ఆటోనగర్ వాళ్లు ఎవరైనా కనపడితే పరువు పోదా? బట్వాడా డబ్బు చేతిలో పడే శనివారం ఎలా దాటాలి? మా పెద్ద బావమరిది ఏదో ప్రైవేటు రిహాబ్‌లో (తాగుడు మాన్పించే సెంటర్‌లో) మూడు నెలలు ఉండి రమ్మంటున్నాడు. పని మానేసి వెళ్లాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ‘మనసు గట్టిగా ఉంటే చాలు’ అని మాత్రం దయచేసి చెప్పకండి. అది చాలాసార్లు విన్నాను.

---

నిత్యశరణం (గుంటూరు)

స్వామీ, అంత బాగున్నప్పుడు మాల ఎందుకు తీశారు? సమాధానం మీ మాటల్లోనే ఉంది. మళ్లీ వేసుకోండి. ఏడాది పొడుగునా మాలలో ఉండేవాళ్లు మా వైపు ఉన్నారు. స్వామియే శరణం అయ్యప్ప.

---

బొగ్గుబావి (గోదావరిఖని)

తమ్ముడూ, నేను సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైరైనవాణ్ని. తాగుడు మానేసి చాలా ఏండ్లైంది, ఏఏలోనే మానేసిన.

పైన స్వామి చెప్పింది నాకు నచ్చలేదు. దీక్షకు ఒక మొదలు, ఒక ముగింపు ఉన్నయి కాబట్టే మనిషి అంత నిష్ఠగా చేస్తడు. తాగుడు భయంతో ఏడాదంతా మాల మెడలో ఉంచుకుంటే, ఏదో ఒక రోజు మాలతోనే తాగుతడు. అట్లాంటి వాళ్లను చూసిన. ఆ తర్వాత సిగ్గుతో గుడికి కూడా పోలేకపోయిండ్రు.

కానీ నీ మాల నీకు ఏం చేసిందో అది గట్టిగా పట్టుకో. మా గనుల్లో మస్టర్ అంటరు. షిఫ్టు మొదట్లో పోయి మస్టర్ పడితేనే ఆ రోజు నువ్వు ఉన్నట్టు లెక్క. పోకపోతే పక్కోడు అడుగుతడు, సర్దార్ అడుగుతడు, సాయంత్రానికి ఇంటికే ఎవడో ఒకడు వస్తడు ఏమైందని. నీకు దీక్షలో పొద్దున ఒక మస్టర్, సాయంత్రం ఒక మస్టర్ ఉండె. పొద్దుటిది ఇప్పుడూ ఉంది, షెడ్డు. సాయంత్రందే పోయింది. దాని జాగాలో ఇంకోటి పెట్టుకో. అది ఏదైనా సరే, రెండు గుణాలు ఉండాలె. టైముకు నువ్వు ఒకచోట కనపడాలె. కనపడకపోతే ఎవరో ఒకరు నిన్ను అడగాలె. రెండోది లేకపోతే మొదటిది నిలవదు. అందుకే వాకింగ్, యోగా, ఫోన్‌లో ప్రవచనాలు అని చెప్తే నేను పెద్దగా నమ్మను. ఒక్కడివే వాకింగ్‌కు పోకపోతే అడిగేది ఎవరు?

నీ పీఠం వాళ్లనే అడుగు, సీజన్ అయినంక ఏం చేస్తరని. ఏదో ఒక గుళ్లో సాయంత్రం హారతికి గంట కొట్టే పని, శనివారం అన్నదానంలో వడ్డన, ఇట్లాంటివి దొరుకుతయి. మాల లేకున్నా వడ్డించొచ్చు. బిడ్డను ట్యూషన్‌కు దింపి మళ్లీ తీసుకొచ్చే పని నీ మీద పెట్టుకో. పిల్ల రోడ్డు మీద ఎదురుచూస్తుంటే నీ కాళ్లు వేరే దిక్కు పోవు.

ఇక ఏఏ. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో తెలుగు మీటింగులు ఉన్నయి. ఎక్కువగా బడి గదిలోనో చర్చి హాల్లోనో పెడతరు. చర్చి అంటే మతం అనుకోకు, జాగా దొరికింది అంతే. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. పేరు చెప్పి ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటరు. నువ్వు మొదటి రోజుల్లో వెనక కూర్చుని చాయ్ తాగి రావచ్చు. ఎవరూ బలవంతం చెయ్యరు.

పరువు సంగతి. అక్కడ నిన్ను చూసినోడు కూడా అదే పని మీద వచ్చిండు. ఇన్నేండ్లు ఆటోనగర్ గేటు ముందు తూలుతూ నడిచినప్పుడు ఎంతమంది చూసి ఉంటరు? అప్పుడు రాని పరువు చింత ఇప్పుడెందుకు?

ఏఏ ఎట్ల మొదలైందో తెలుసా? 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊరికి బిల్ అనే ఒక షేర్ల బ్రోకర్ వ్యాపారం పని మీద పోయిండు. పని చెడింది. సాయంత్రం హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డడు. ఒక పక్క బార్, లోపల నుంచి నవ్వులు. ఇంకో పక్క ఫోను. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. చర్చి వాళ్లకు ఫోన్ చేసి, ‘ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే చెప్పండి, మాట్లాడాలె’ అన్నడు. అట్ల దొరికినోడు డాక్టర్ బాబ్ అనే సర్జన్. ఆయన ఆఖరిసారి తాగింది జూన్ 10 అని, ఆ తేదీనే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తరు. చూసినవా, వాళ్లది కూడా సాయంత్రం గొడవే. నేను వచ్చిన కొత్తలో నాకు ఇద్దరి నంబర్లు ఇచ్చిండ్రు. ఎప్పుడైనా చెయ్యమన్నరు. నేను అర్ధరాత్రి చేసినా తిట్టలేదు.

ఒక మీటింగు నచ్చకపోతే ఇంకోటి చూడు. కొన్ని గ్రూపుల్లో ఒక్కడే గంటసేపు మాట్లాడుతడు, నాకే విసుగొస్తది.

ఆరింటికి ముందే కడుపు నింపు. నీకు తాగాలనిపించేది సగం ఆకలే. ఇడ్లీ తిను, అరటిపండు తిను, ఏదైనా తిను. పల్లీలు, మిక్చర్, బఠాణీలు కొన్నాళ్లు ఇంట్లోకి తేవద్దని చెప్పు. నీ దోస్తులను పొద్దున టీ దగ్గర కలువు, సాయంత్రం కలవకు. వాళ్లలో కాస్త బుద్ధిమంతుడు ఒకడు ఉంటడు, వాడికి నిజం చెప్పు. మిగతావాళ్లకు ‘మాత్రలు వాడుతున్న, దాని మీద మందు పడితే ప్రాణం మీదికి వస్తది’ అని చెప్పి ఊరుకో.

ఇంకొకటి. ‘మందు వద్దులే, కల్లు తాగు’ అనేవాళ్లు వస్తరు. మా తెలంగాణలో చాలా దుకాణాల్లో కల్లులో డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతరు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగితే, అలవాటైనవాళ్లు పిచ్చిపట్టినట్టు అయిపోయి ఆసుపత్రుల పాలైండ్రు. బీరు కూడా అంతే. పేరు మారుతది, పని అదే.

---

కుట్టుమిషన్ (తెనాలి)

అన్నా, మీ ఆవిడ వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది. మా ఆయన మానేసి కొన్నేళ్లయింది. మానేసిన కొత్తలో నేనూ తలుపు దగ్గర అలాగే నిలబడేదాన్ని. ఆయన జేబులు వెతికేదాన్ని, బండి డిక్కీ తీసి చూసేదాన్ని. తాగినప్పటి కంటే మానేశాకే నాకు టెన్షన్ ఎక్కువైంది. రోజూ ఈ రోజేనేమో అనిపించేది. ఆయనకి అది అవమానంగా ఉండేది, ఇంట్లో గొడవలు.

తర్వాత ఆయనే ఒక పని మొదలుపెట్టాడు. నేను అడక్కముందే, ఇంటికి రాగానే వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడి ఆ రోజు ఏం జరిగిందో చెప్పేవాడు. ఎవరు పిలిచారు, ఎక్కడ కోరిక పుట్టింది, అన్నీ. కూరగాయలు తరుగుతూ చెప్పేవాడు. దగ్గరగా నిలబడి మాట్లాడితే ఇక వాసన చూడాల్సిన పని ఏముంది? మీరు కూడా చేసి చూడండి. ఆమె నమ్మడానికి టైమ్ పడుతుంది. ‘ఇన్నాళ్లు తాగలేదుగా, ఇంకా అనుమానమా?’ అని మాత్రం అనకండి. మేం ఎన్నేళ్లు భరించామో ఎవరూ లెక్కపెట్టలేదు కదా.

బట్వాడా గురించి. మీ ఓనర్‌ని అడిగి డబ్బు మీ ఆవిడ ఖాతాలో వేయించండి. ఇప్పుడు అందరూ ఫోన్‌లోనే వేస్తున్నారు. పెట్రోలుకి, టీకి మాత్రం రోజూ చేతికి తీసుకోండి. మీ ఫోన్‌లో డబ్బులు కట్టే యాప్ తీసేయండి. వైన్ షాపులో స్కాన్ చేస్తే అయిపోయే రోజులు ఇవి, అప్పు అడిగే సిగ్గు కూడా అక్కర్లేదు. ఇలా ఎన్నాళ్లు అనేది ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. లేకపోతే మగవాళ్లకి అహం అడ్డొస్తుంది, మాకూ పెత్తనం అలవాటైపోతుంది. అప్పులన్నీ ఒక నోట్ పుస్తకంలో రాయండి. వారం వడ్డీలు, చీటీ బాకీలు, కుదువపెట్టిన ఆమె బంగారం కూడా. మా ఇంట్లో ఆ పుస్తకం రాసిన రాత్రి పెద్ద యుద్ధమే జరిగింది. అయినా రాయడమే మంచిదైంది. ఎందుకంటే అప్పటిదాకా నేను ఊహించుకున్న అప్పు అసలు అప్పు కంటే ఎక్కువ.

పిల్లలు లోపలికి పోతే పోనివ్వండి, పిలవకండి. మా పెద్దాడు చాలాకాలం ఆయనతో ముక్తసరిగానే ఉన్నాడు. సైకిల్ చైన్ తెగిపోయిన రోజు వాడంతట వాడే వచ్చి అడిగాడు. మీరు కరెంటు పని వచ్చినవాళ్లు, ఇంట్లో పాడైపోయిన మిక్సీయో ఫ్యానో విప్పుకుని హాల్లో కూర్చోండి.

సంక్రాంతికి వెళ్లండి, కానీ భోగి పొద్దున వెళ్లి పండగ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరండి. కనుమ నాడు కాకైనా కదలదు అంటారు. ఆ రోజు అక్కడ ఉన్నారంటే ముక్కనుమ దాకా ఇరుక్కున్నట్టే. మాంసాలు, మందు ఆ రోజే ఎక్కువ. మీ బావమరుదులతో ముందే ఫోన్‌లో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆవిడ. అక్క మాట వింటారు, బావ మాట వినరు.

మీ ఆవిడకి అల్-అనాన్ గురించి చెప్పండి. తాగేవాళ్ల ఇంట్లో వాళ్ల కోసం 1951లో ఆ బిల్ గారి భార్య లోయిస్, ఇంకొకావిడ కలిసి మొదలుపెట్టారు. మాకు దగ్గర్లో లేక నేను ఫోన్‌లో మీటింగ్ వినేదాన్ని. మిషన్ కుట్టుకుంటూ వింటే ఏడుపొచ్చినా ఎవరికీ కనపడదు.

---

నైట్‌డ్యూటీ (విశాఖపట్నం)

డీ-అడిక్షన్ (తాగుడు మాన్పించే) వార్డులో స్టాఫ్ నర్సుని. క్లుప్తంగా చెప్తాను, డ్యూటీకి టైమ్ అవుతోంది.

మీరు చేసిన వరస సరైనది. ముందు ఆసుపత్రి, తర్వాత మాల. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. పొద్దున చేతులు వణికి, మందు పడితే తగ్గే స్థితిలో ఉన్నవాళ్లు, మాల వేసుకున్నాం కదా అని ఒక్కసారిగా ఇంట్లోనే ఆపకూడదు. ఆపిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనపడతాయి, గోడ మీద పురుగులు, ఎవరో పిలుస్తున్నట్టు. ‘స్వామి పూనాడు’ అనుకుని కూర్చుంటే ప్రాణం పోతుంది. అప్పుడు నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. అక్కడ బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇవ్వకుండా ఇంటి దగ్గర ఎవరి చేతనో గ్లూకోజ్ సీసాలు ఎక్కించుకోవద్దు, మెదడుకి ప్రమాదం.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరాం అనే మాత్ర గురించి. దాన్ని సాంబారులోనో మజ్జిగలోనో కలిపి తెలియకుండా పెట్టేవాళ్లు ఉన్నారు. చాలా తప్పు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి చనిపోయే అవకాశం కూడా ఉంది. ఆపిన రెండు వారాల వరకూ దాని ప్రభావం ఉండొచ్చు. మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి. మీకు రాసింది అదే అయితే ఆల్కహాల్ ఉండే కొన్ని దగ్గు సిరప్‌లతో కూడా జాగ్రత్త. కోరిక తగ్గించే మందులు వేరే ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. మళ్లీ ఓపీకి వెళ్లి అడగండి. ఇంట్లో బాగుంది కదా అని ఓపీ మానేసేవాళ్లే ఎక్కువమంది మళ్లీ మా దగ్గరికి వస్తారు.

నిద్ర చెదరడం వారాలు, కొందరికి నెలలు ఉంటుంది. మందుల షాపులో నిద్రమాత్ర కొనుక్కోవద్దు, అది ఇంకో అలవాటు అవుతుంది.

రిహాబ్: మీరు పనికి వెళ్తున్నారు, తాగట్లేదు, ఇల్లు ఉంది. పని మానేసి మూడు నెలలు లోపల ఉండాల్సిన స్థితిలా నాకు అనిపించట్లేదు. మీ డాక్టర్‌ని అడిగాకే తేల్చుకోండి. ఎవరు వెళ్లినా సరే, ఆ సెంటర్ 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్టర్ అయిందా, సైకియాట్రిస్ట్ వస్తారా, ఇంటివాళ్లని కలవనిస్తారా అని అడగాలి. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం.

మాట్లాడటానికి 14446, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. 14416, టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితం.

---

సెల్ఫ్‌మోటార్ (విజయవాడ)

అందరికీ చాలా థాంక్స్. నిత్యశరణం స్వామీ, మీ మాట మీద గౌరవం ఉంది కానీ బొగ్గుబావి అన్న చెప్పిన భయమే నాదీ.

చెల్లెమ్మా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. భోగికి వెళ్లి పండగ మధ్యాహ్నం వచ్చేద్దామంది. తమ్ముళ్లకి ఫోన్ చేసింది కూడా. చిన్నోడు నవ్వాడట, పెద్దోడు సరే అన్నాడట. బట్వాడా సంగతి ఓనర్‌కి చెప్తే ‘ఇదేదో ముందే అడగాల్సింది’ అన్నాడు. డబ్బులు కట్టే యాప్ తీసేశాను, దానికి మా ఆవిడ కంటే మా పాప ఎక్కువ ఆశ్చర్యపోయింది. అప్పుల పుస్తకం మాత్రం పండగ అయ్యాక రాస్తాం. ముందే యుద్ధం వద్దు.

బొగ్గుబావి అన్నా, ఒక్క దగ్గర మీతో ఏకీభవించలేను. ‘మాత్రలు వాడుతున్నా’ అంటే మావాళ్లు ‘ఎన్నాళ్లు? కోర్సు ఎప్పుడు అయిపోతుంది?’ అని అడుగుతారు, తేదీ రాసిపెట్టుకుంటారు కూడా. మాల విషయంలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. అందుకే నలుగురికీ నిజమే చెప్పేస్తాను. నవ్వితే నవ్వుతారు.

మంగళవారం మీటింగు ఉందని తెలిసింది. మా ఆవిడ తనూ వస్తానంటోంది. తీసుకెళ్లొచ్చా?

---

బొగ్గుబావి (గోదావరిఖని)

నువ్వన్నది కరెక్టే, తేదీ సంగతి నాకు తట్టలేదు. నిజమే చెప్పు.

మీటింగులు రెండు రకాలు. ఓపెన్ మీటింగ్ అయితే ఇంటివాళ్లు, ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ అయితే మనలాంటివాళ్లే. మంగళవారంది ఏదో ముందు ఫోన్ చేసి కనుక్కో. క్లోజ్డ్ అయితే ఈసారికి నువ్వొక్కడివే పో, ఓపెన్ ఎప్పుడో అక్కడే అడిగి చెల్లెను తీసుకుపో. పది నిమిషాలు ముందు చేరుకో, కుర్చీలు వేసేవాళ్లతో కలిసి రెండు కుర్చీలు వెయ్యి. కొత్త చోట చేతికి పని ఉంటే బెరుకు తక్కువ ఉంటది. అక్కడ ఒకరిద్దరి నంబర్లు రాసుకున్నాకే బయటికి రా.